తువ్వాలు కింద బేరం

మన ఊరి నుంచి స్టేషనుకి పోయే దారిలో, తుమ్మలు దాటాక ఎడంపక్క ఒక దిగుడుబావి ఉందా లేదా? ఉంది. మీలో ఎవరన్నా దాని మెట్లు దిగారా? దిగలేదు. మీ నాన్నలూ దిగలేదు. నీళ్ళు లేకనా అంటే, నిండు వేసవిలో కూడా అడుగున పచ్చగా కదులుతూనే ఉంటాయి. గొర్రెలు కాసేవాళ్ళు మందని దానికి దూరంగా చుట్టు తిప్పి తోలుకుపోతారు. ఆటోవాళ్ళు అక్కడికొచ్చేసరికి, ఎదురుగా పురుగు లేకపోయినా సరే, ఓసారి హారన్ కొడతారు. ఎందుకురా కొట్టావంటే అలవాటు తాతా అంటారు. ఆ అలవాటు ఎక్కణ్ణించి వచ్చిందో వాళ్ళకి తెలీదు, నాకు తెలుసు. ఒరే సుబ్బిగా, ఆ ఫోను లోపల పెట్టు, దాని వెలుగు నా కళ్ళల్లో కొడుతోంది. నువ్వు కాస్త దగ్గరికి రా అమ్మాయ్, కథ సగంలో ఎలాగూ వస్తావు, అదేదో ఇప్పుడే వచ్చి కూచో.

ముందు ఒక మాట. దెయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయని మీకెవరు చెప్పారు? సినిమావాళ్ళా? పగలంతా పని చేసుకున్నవాడు రాత్రి పడుకోడూ? ఆ బావిలోవాడు మిట్టమధ్యాహ్నం దెయ్యం. మన నీడ మన కాళ్ళ కిందకొచ్చే వేళకి వాడు లేస్తాడు. ఎందుకంటే బతికున్నప్పుడు వాడు ఆ బావి దగ్గరికొచ్చేది ఆ వేళకే. అది తర్వాత చెప్తాను, ముందు సైదమ్మ సంగతి చెప్పాలి.

సైదమ్మ అంటే జట్కా నాగులు పెళ్ళాం. అప్పటికి మన ఊళ్ళో బస్సు లేదు, రైలెక్కాలన్నా దిగాలన్నా నాగులు జట్కానే దిక్కు. సరే, ఆ నాగులుకి పచ్చకామెర్లు వచ్చి పోయాడు, ఆ వేసవిలోనే వాడి ముసలి గుర్రం కూడా పోయింది, ఇంటి ముందు బండి నొగలు నేలకి ఆనించుకుని మిగిలింది. సైదమ్మకి పిల్లల్లేరు, పొలం లేదు. ఉన్నదల్లా ఆ బండీ, నాగులు భుజం మీద వేసుకునే చారల తువ్వాలూ. అప్పుడు ఆమె మరిది చలమయ్య వచ్చి, వదినా, ఆ బండిని కట్టెల కింద అమ్మేసి నా ఇంటికి వచ్చెయ్, నా చేలో కలుపు తీసుకుంటూ మా ముద్ద తిందువుగాని అన్నాడు. అనడానికి ఎంత చల్లగా అన్నాడో చూశారా? ఆయన ఇంట్లో ముద్ద ఎలా పెడతారో సైదమ్మకి తెలుసు, ఆయన తల్లి తిన్న ముద్ద కళ్ళారా చూసింది. అందుకని ఆమె ఒకటే చెప్పింది, ఈ బండికి గుర్రం కట్టి నేనే తోలుకుంటా, నీ చేలో కలుపు నువ్వే తీసుకో అని. ఆడది జట్కా తోలడం ఏంటని ఊరంతా నవ్వింది. నవ్వనీ అనుకుంది. ఎవరేమనుకుంటారో అని ఆలోచించే తీరిక లేదు ఆమెకి.

అలా అనుకుని, చేతిలో ఉన్న నాలుగు డబ్బులూ కొంగున కట్టుకుని, మొగుడి తువ్వాలు భుజాన వేసుకుని, కొత్త కొబ్బరి తాడొకటి చుట్ట చుట్టి చంకన పెట్టుకుని పశువుల సంతకి పోయింది. కొత్త తాడెందుకో తెలుసా? ఈ కాలం పిల్లలు, మీకేం తెలుస్తుంది. పశువుని అమ్మినవాడు పలుపు ఇవ్వడు. పాత పలుపు విప్పి తనే ఉంచుకుంటాడు, కొన్నవాడు తన తాడు వేసుకుని తోలుకుపోతాడు. పలుపుతో పాటు ఇస్తే ఇంట్లో పాడి కూడా వెళ్ళిపోతుందని అమ్మినవాడికి భయం. పలుపుతో పాటు తెచ్చుకుంటే వెనకాల ఇంకేమన్నా వస్తుందేమోనని కొన్నవాడికి భయం. ఇద్దరి భయమూ మంచిదే.

సంతలో ఆమెకి మంచి గుర్రాలన్నీ కళ్ళకి ఆనాయి గానీ చేతికి ఆనలేదు. చివరికి ఎవరూ నిలబడని మూల ఒక ఆడగుర్రం కనిపించింది. తెల్ల ఒళ్ళు, దాని మీద పెద్దపెద్ద నల్ల మచ్చలు, సున్నం వేసిన గోడ మీద ఎవరో పిడకలు చరిచినట్టు. మచ్చల గుర్రం ఇంటికి అరిష్టమని జనం దూరంగా నడుస్తున్నారు. సైదమ్మ దాని పళ్ళు చూసింది, గిట్టలు ఎత్తి చూసింది, మెడ కింద సుడి చూసింది, అన్నీ బాగున్నాయి. వయసు మీదుంది, కళ్ళలో తెలివి ఉంది. ఇంత బాగున్న గుర్రాన్ని వీడు ఎందుకు అమ్ముతున్నాడని అడగొచ్చా లేదా? అడగలేదు. కావలసింది ఎదురుగా నిలబడితే ఎవరం అడుగుతాం చెప్పండి.

అమ్మేవాడు గడ్డం మాసినవాడు, మాటిమాటికీ వెనక్కి చూసుకుంటున్నాడు. ఎంతిస్తావమ్మా అని గట్టిగా అడిగేశాడు. అలా నోటితో చెప్పుకుంటే పక్కనున్న దళారులంతా వేలు పెడతారు కదా, అందుకే పశువుల బేరం చేతులతోనే చేస్తారు, పైన తువ్వాలు కప్పి. కింద వేళ్ళు పట్టుకుంటారు, నొక్కుతారు, వదులుతారు, ఒక్కో పట్టుకి ఒక్కో లెక్క. ఒప్పుకుంటే చెయ్యి వదిలేస్తారు, అంతే బేరం తెగినట్టు. అది మగాళ్ళ పని అంటారు. సైదమ్మ నాగులు తువ్వాలు తీసి ముంజేతి మీద కప్పుకుని, కిందనుంచి చెయ్యి చాపింది. చుట్టూ ఉన్న దళారులు ముసిముసిగా నవ్వారు. ఆ గడ్డంవాడు చెయ్యి పెట్టాడు, ఆమె ఒక పట్టు పట్టింది, వాడు మారుమాట లేకుండా వదిలేశాడు. ఎంతకి తెగిందని నన్నడక్కండి, అది ఆ తువ్వాలుకే తెలుసు.

ఇక్కడ తప్పు జరిగింది. గుర్రం మెడకున్న పలుపు చాలా మంచిది, నూలూ మేకబొచ్చూ కలిపి పేనింది, పట్టుకుంటే పట్టులా ఉంది, ఎవరో మనసుపెట్టి పేనిందని చూస్తేనే తెలుస్తోంది. సైదమ్మ తన కొబ్బరి తాడు తీసి వేయబోతే వాడు అడ్డంపడి, అది విప్పకమ్మా, అది కూడా నువ్వే తీసుకుపో, మా ఇంట్లో వద్దు అన్నాడు. అమ్మేవాడు పలుపు వద్దనడం ఎక్కడన్నా విన్నారా? ఆమె విన్నది, తెలిసే విన్నది. కానీ కొబ్బరి తాడు గుర్రం మెడని ఒరుస్తుంది, ఇది మెత్తగా ఉంది, ఊరికే వస్తోంది, కష్టపడి బతికేవాళ్ళకి ఊరికే వచ్చేదాన్ని వదలడం ఎంత కష్టమో మీకూ తెలుసు. పట్టుకొచ్చేసింది.

గుర్రానికి సింగారి అని పేరు పెట్టుకుంది. సింగారి బండికి కట్టిన మొదటి రోజు నుంచే పదేళ్ళుగా ఆ దారి తెలిసినట్టు నడిచింది, చర్నాకోల పైకెత్తే పని లేదు. నవ్విన ఊరే బండెక్కింది. సైదమ్మ ఒక్కదానికే ఆ నడక చూస్తే కొంచెం ఆశ్చర్యంగా ఉండేది. ఈ దారి దీనికి ఎవరు చెప్పారబ్బా అని.

ఒకరోజు పొద్దుటి రైలుకి జనాన్ని దింపి ఖాళీ బండితో తిరిగొస్తోంది. ఎండ నడినెత్తిన ఉంది. దిగుడుబావి దగ్గరికి రాగానే సింగారి ఆగిపోయింది. అదిలించినా కదల్లేదు, చెవులు బావి వైపు పెట్టి నిలబడింది. కాసేపటికి బండి వెనక కిర్రుమంది. మీరు జట్కా ఎక్కలేదు కాబట్టి చెప్తున్నా వినండి, జట్కాకి రెండే చక్రాలు, వెనక బరువు ఎక్కువైతే ముందు నొగలు లేస్తాయి, గుర్రం పొట్ట కింద పట్టా బిగుసుకుని దాన్ని పైకి లాగుతుంది. అందుకే జట్కావాళ్ళు ముందుకు జరగండి, ముందుకు జరగండి అని అరుస్తూనే ఉంటారు. ఇప్పుడు బండిలో ఎవరూ లేరు, అయినా నొగలు లేచాయి. సైదమ్మ వెనక్కి తిరిగి చూసింది. గడ్డి పరుపు ఒకచోట కుంగి ఉంది, కుంగిన చోట తడిగా ఉంది. వేరేవాళ్ళయితే దూకి పరిగెత్తేవాళ్ళు. ఆమెకీ భయమేసింది, లేదనను. కానీ గుర్రం పట్టా బిగిసి ఇబ్బంది పడుతోంది, ముందు అది చూసుకోవాలి కదా. అందుకని ఎప్పుడూ అనేమాటే అంది.

"ముందుకు జరుగు బాబూ, గుర్రానికి బరువవుతోంది."

పరుపు మీద కుంగిన గుంట మెల్లగా ముందుకు జరిగింది. నొగలు దిగాయి. సింగారి నడక మొదలుపెట్టింది. ఊరి మొదట్లోకి వచ్చాక బండి మళ్ళీ తేలికైంది.

నవ్వకండర్రా, నవ్వేవాళ్ళు ఆ బండిలో కూచుని నవ్వాలి. ఆ తర్వాత రోజూ ఇదే తంతు. మధ్యాహ్నం రైలుకి వచ్చినవాళ్ళు ఎక్కితే, బావి దగ్గర బండి ఆగేది, ఖాళీగా ఉన్న చోట ఎవరో ఇరుక్కున్నట్టయ్యేది, దిగి చూసుకుంటే ఆ పక్కన కూచున్నవాళ్ళ బట్టలు తడిసి పాచివాసన కొట్టేవి. కరణంగారి కోడలు పుట్టింటి నుంచి కొత్త చీర కట్టుకుని వస్తూ సగం చీర తడుపుకుని దిగింది, దిగి పెద్దగా ఏడ్చింది కూడా. ఇంకేముంది, సైదమ్మ బండిలో దెయ్యం ఉందని ఊరంతా పాకింది. జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచైనా పోతున్నారు గానీ బండెక్కడం లేదు. బేరాలు లేక ఇంట్లో పొయ్యి సరిగా వెలగడం లేదు, తడి బరువు రోజూ లాగి లాగి సింగారి డొక్కలు బయటపడ్డాయి. చలమయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి ఉత్త చేతులతో కాదు, బేరం పట్టుకొచ్చాడు. టౌనులో పెళ్ళి ఊరేగింపులవాడికి మచ్చల గుర్రం కావాలట, బాజాల మధ్య గంతులేయిస్తాడట, రేపే పంపెయ్ అన్నాడు. గుర్రం పోతే బండి పోతుంది, బండి పోతే చలమయ్య ఇంట్లో ముద్ద. సైదమ్మ ఆ రోజు సింగారి మెడ మీద తల పెట్టి ఏడ్చింది. ఆమె ఏడవడం అదే మొదలు, నాగులు పోయినప్పుడు కూడా పనుల్లో పడి ఏడవలేదు.

ఏడ్చి, మొహం కడుక్కుని, స్టేషను దగ్గర సోడాల దానేలు కొట్టుకి పోయింది. స్టేషనుకి నాలుగు ఊళ్ళ జట్కాలు వస్తాయి, వాడికి తెలియని గుర్రం ఉండదు. అడిగితే దానేలు ఇంతకాలం చెప్పలేదని సిగ్గుపడుతూ చెప్పాడు. ఇది గవరయ్య గుర్రం సైదమ్మక్కా, అవతలి ఊరి గవరయ్య, పెళ్ళాం పిల్లలు లేరు, దీన్ని పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి పెంచుకున్నాడు, దీని పలుపు కూడా వాడే పేనాడు. రోజూ మధ్యాహ్నం రైలు చూసుకుని పోతూ ఆ బావి దగ్గర ఆపి, చేద పట్టుకుని కిందకి దిగి, దీనికి నీళ్ళు పెట్టేవాడు. నాగులన్న మంచాన ఉన్నప్పుడు ఒకరోజు పాచి మెట్టు మీద కాలు జారి చేదతో సహా నీళ్ళల్లోకి పోయాడు. ఇదేమో దాహంతో పొద్దుగుంకేదాకా అక్కడే నిలబడి ఉందట, దీన్ని చూసే వాణ్ణి వెతికారు. వాడి తమ్ముడు దీన్ని ఇంటికి తోలుకుపోతే ఇంట్లో రోజూ మధ్యాహ్నం గడపంతా తడి. అందుకే సంతకి తోలాడు. అంతా చెప్పి దానేలు, పలుపు ఆ తమ్ముడి దగ్గరే ఉంచావు కదక్కా అని అడిగాడు. సైదమ్మ సోడా తాగకుండానే లేచొచ్చింది.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చే వేళకి ఆమె సింగారిని బావి దగ్గరికి నడిపించుకుపోయింది. బండి కట్టలేదు. పాత పలుపు విప్పేసి తన కొబ్బరి తాడు వేసింది. చేద ఒక చేత్తో, పలుపు ఒక చేత్తో, భుజాన నాగులు తువ్వాలు. మెట్ల మీద గోడకి ఆనుకుంటూ జాగ్రత్తగా దిగింది, దెయ్యానికి భయపడి కాదు, పాచికి భయపడి. నీళ్ళ పక్క మెట్టు మీద కూచుని పలుపు పక్కన పెట్టింది. అప్పుడేం చేసిందంటారు? దండం పెట్టిందా? తాయెత్తు కట్టిందా? నిమ్మకాయలు కోసిందా? అవేం కాదు. ముంజేతి మీద తువ్వాలు కప్పుకుని, చెయ్యి కిందకి చాపింది.

"గవరయ్యన్నా, నీ గుర్రాన్ని నువ్వు అమ్మలేదు, నీ తమ్ముడు అమ్మాడు. నేను పలుపుతో పాటు తెచ్చుకున్నాను, అది నా తప్పు. అందుకే మళ్ళీ బేరం చేద్దాం. చెయ్యి పెట్టు."

పైన సింగారి సకిలించింది. అప్పుడు తువ్వాలు కింద చల్లగా, నానిపోయి మెత్తగా ఉన్న చెయ్యి ఒకటి వచ్చి ఆమె వేళ్ళు పట్టుకుంది.

ఇప్పుడు దగ్గరికి జరిగావా అమ్మాయ్? ఇందాకే చెప్పాను.

పట్టుకుని నొక్కింది. ఒక వేలు కాదు, రెండు వేళ్ళు కాదు, చెయ్యంతా. అలాంటి పట్టుకి సంతలో లెక్క లేదు. సైదమ్మ తనకి తోచినంత పట్టు పట్టి చూసింది, ఆ చెయ్యి వదల్లేదు. ఇంకా ఎక్కువ పట్టింది, వదల్లేదు. నీళ్ళ వైపు కొంచెం లాగింది కూడా. తువ్వాలు తడిసి బరువెక్కింది. అప్పుడు ఆమెకి అర్థమైంది, ఇతనికి ధర అక్కర్లేదు. ఎంతిచ్చినా ఇవ్వదలచుకోని వస్తువుకి ధర ఏముంటుంది? ఇతని భయం వేరే. తన మొగుడు కూడా పోయే ముందు గుర్రం వైపే చూశాడని ఆమెకి గుర్తొచ్చింది. చెప్పవలసింది చెప్పింది.

"దీన్ని ఎవరికీ అమ్మను అన్నా. చచ్చేదాకా నా దగ్గరే ఉంటుంది. రోజూ ఈ బావి నీళ్ళే పెడతాను."

చెయ్యి వదిలింది. బేరం తెగింది. ఆమె లేచి చేద ముంచుకుని పైకెక్కి సింగారి ముందు పెట్టింది. అది అన్నాళ్ళ దాహమూ తీరేలా అడుగుదాకా తాగింది. వెనక్కి తిరిగి చూస్తే మెట్టు మీద పెట్టిన పలుపు లేదు.

ఆ రోజు నుంచి బండిలో అదనపు బరువు లేదు, తడి లేదు. సైదమ్మ మాట ప్రకారం రోజూ మధ్యాహ్నం ఆగి, దిగి, నీళ్ళు పెట్టేది. జనం నెమ్మదిగా మళ్ళీ ఎక్కారు. కరణంగారి కోడలు మాత్రం కొన్నాళ్ళు పాత చీరే కట్టుకుని ఎక్కింది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. కానీ చలమయ్య ఉన్నాడు కదా. పెళ్ళి ఊరేగింపులవాడి దగ్గర ముందే బయానా పుచ్చుకున్నాడు పెద్దమనిషి. సైదమ్మకి జ్వరం వచ్చి మంచాన పడ్డ రోజు చూసుకుని, గుర్రానికి నీళ్ళు పెట్టుకొస్తా వదినా అని చెప్పి, సింగారిని టౌను దారి పట్టించాడు. ఆ దారి ఎటునుంచి? బావి ముందు నుంచే. వేళ ఎప్పుడు? మీకే తెలుసు. సింగారి అక్కడికొచ్చి ఆగిపోయింది. చలమయ్య లాగాడు, కొట్టాడు, తిట్టాడు, కొబ్బరి తాడు తెగింది. ఇప్పుడు దేంతో కట్టాలిరా అని చుట్టూ చూస్తే, బావి మెట్టు మీద మంచి పలుపు ఒకటి కనిపించింది, నూలూ మేకబొచ్చూ కలిపి పేనింది. దిగాడు. భుజం మీద తువ్వాలుంది.

పొద్దు వాలుతున్నా గుర్రం రాకపోతే సైదమ్మ జ్వరంతోనే లేచి దుప్పటి కప్పుకుని వెళ్ళింది. బావి గట్టున సింగారి తాడు లేకుండా నిలబడి ఉంది. కింద నీళ్ళ పక్క మెట్టు మీద చలమయ్య కూచుని ఉన్నాడు, కుడిచెయ్యి తువ్వాలు కింద ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాడు, పిలిస్తే పలకడం లేదు, పెదాలు మాత్రం ధరలు చెబుతున్నాయి. ఒకదాని మీద ఒకటి పెంచుకుంటూ పోతున్నాడు. తువ్వాలు అవతల ఎవరూ లేరు, కానీ అటుపక్క కూడా అది ఎత్తుగా లేచి ఉంది. సైదమ్మ దిగి వాడి భుజం పట్టుకుని, గవరయ్యన్నా, ఇది నా బేరం కాదు, గుర్రం నాదే, నా దగ్గరే ఉంటుంది, ఇతన్ని వదిలెయ్ అని చెప్పింది. తువ్వాలు చప్పబడింది. వాణ్ణి మోసుకొచ్చినంత పని చేసి ఇంటికి చేర్చింది. చలమయ్య బతికాడు, చాలాకాలం బతికాడు. నేను చిన్నప్పుడు చూశాను, ఎడంచేత్తో అన్నం తినేవాడు. కుడిచెయ్యి వేళ్ళు బేరంలో ముడుచుకున్నట్టే ఉండిపోయాయి. ఎవరన్నా అడిగితే, ఇంకా తెగలేదు, బేరం ఇంకా తెగలేదు అనేవాడు.

సింగారి ముసలిదై సైదమ్మ వాకిట్లోనే పోయింది. పెరట్లో గొయ్యి తీయించి పాతిపెట్టి, మర్నాడు మధ్యాహ్నం ఆమె ఒక్కతే ఉత్తచేతులతో బావికి పోయింది, ఆ తువ్వాలు మాత్రం వేసుకుని. పోయిందన్నా, నా చేతుల్లోనే పోయింది, నీళ్ళు తాగే పోయింది అని చెప్పి, తువ్వాలు కప్పి చెయ్యి చాపిందట. చెయ్యి వచ్చిందట. ఈసారి నొక్కలేదు, చావింటికి వచ్చినవాళ్ళు పట్టుకుంటారు చూడండి, అలా ఊరికే పట్టుకుని, కాసేపుండి వదిలేసిందట. ఈ మాట ఆమె ముసలితనంలో మా అమ్మకి చెప్పింది, చెప్పి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అయితే తాతా, ఇంక వాడు పోయినట్టేగా అని సుబ్బిగాడు మొహం పెట్టి చూస్తున్నాడు. సైదమ్మతో బేరం తెగింది నాయనా. చలమయ్యతో తెగలేదు. తెగని బేరం ఉన్నవాడు సంత వదిలి ఎలా పోతాడు? అందుకే అప్పటి బండివాళ్ళు ఆ చోట గట్టిగా అదిలిస్తూ ఆగకుండా పోయేవాళ్ళు, ఇప్పటి ఆటోవాళ్ళ హారన్ ఆ అదిలింపే. మొన్న వానలకి కూడా ఆ మెట్టు మీద మంచి పలుపు పడి ఉందని గొర్రెలవాడొకడు చెప్పాడు, మంచిదే కదా ఎందుకు తీసుకోలేదురా అంటే వాడు నా మొహం చూసి నవ్వాడు. వాడికి బుద్ధుంది.

మీరు అటు పోకండి. పగటిపూట అసలు పోకండి. లేదు, పోయే తీరతామంటారా, మీ ఇష్టం, ఈ ఊళ్ళో నా మాట విన్నవాడెవడు? కాకపోతే లేచి వెళ్ళే ముందు భుజాల మీద ఆ తువ్వాళ్ళు తీసి ఇక్కడ ఈ అరుగు మీద పెట్టి పోండి. తువ్వాలు చూస్తే బేరానికొచ్చారనుకుంటాడు.